బరువుకు తగిన బండి



పంట పండించడం ఒక ఎత్తు. పండినదాన్ని చెడిపోకముందే అంగడికి చేర్చడం మరో ఎత్తు. మొదటిదాన్ని గురించి మనం చాలాసార్లు చెప్పుకున్నాం. విత్తనానికి ఎంత, ఎరువుకు ఎంత, కూలికి ఎంత అని అడిగితే మీలో చాలామంది వేళ్ళమీద లెక్క చెప్పగలరు. కాని ఒక బాక్సు టమాటా మీ పొలం గట్టునుంచి మార్కెట్టు గేటుకు చేరడానికి ఎంత పడుతున్నదని అడిగితే మాత్రం, "కిరాయి ఎంతంటే అంత ఇస్తున్నాం" అనే జవాబే వస్తుంది. ఇవాళ ఆ కిరాయి సంగతి, ఆ కిరాయికి తిరిగే బండి సంగతి చెప్పుకుందాం.

వికారాబాద్ చుట్టుపక్కల అర ఎకరంలో టమాటా వేసిన ఒక రైతును తలచుకోండి. మూడు నాలుగు రోజులకొక కోత. కోతకు 25 బాక్సులు. బాక్సుకు 25 కిలోలు. అంటే ఆరు క్వింటాళ్ళ పాతిక కిలోలు. ఈ సరుకు తెల్లవారేసరికి హైదరాబాదులో గుడిమల్కాపూర్‌కో, బోయినపల్లికో చేరాలి. పదేళ్ళకింద అయితే ఊళ్ళో ఉన్న చిన్న టాటా ఏస్ బండిని పిలిచేవాడు. ఇప్పుడా బండి అమ్ముడుపోయింది. దాని స్థానంలో పెద్ద పికప్పు వచ్చింది. ఆ బండివాడేమో "నలభై అయిదు బాక్సులుంటే కదులుతాను, లేకపోతే బండి మొత్తానికి కిరాయి ఇవ్వు" అంటాడు. బండివాడు చెడ్డవాడు కాడు. అతని లెక్క అతనిది. ఆ లెక్క మనకు తెలిస్తే మన లెక్క మనం చేసికోవచ్చు.

ముందు ఈ చిన్న బండి ఎట్లా వచ్చిందో చూద్దాం. మన తెలంగాణలో మధ్యరకం లారీని, అది ఏ కంపెనీదైనా సరే, "డీసీఎం" అంటాం. ఈ పేరు 1980లలో డీసీఎం టొయోటా అనే కంపెనీ చేసిన బండివల్ల వచ్చింది. ఆ కంపెనీ 1990లలోనే చేతులు మారింది. పేరు మాత్రం మన నాలుకమీద మిగిలింది. అదే కాలంలో మన పొరుగునే ఉన్న జహీరాబాదులో, ప్రభుత్వ సంస్థ అయిన హైదరాబాద్ ఆల్విన్, జపాను నిస్సాన్ కంపెనీతో కలిసి ఇలాంటి లారీలే తయారుచేసింది. 1989లో ఆ కర్మాగారం మహీంద్రావారి చేతికి వచ్చింది. అయితే ఇవన్నీ టన్నుల లెక్కన బరువు మోసే బండ్లు. అర టన్ను, ముప్పావు టన్ను సరుకున్న రైతుకు మూడు చక్రాల ట్రాలీ ఆటో ఒక్కటే దారి. అది 70, 80 కిలోమీటర్లు పోవడానికి అనువైన బండి కాదు.

ఈ మధ్యనున్న ఖాళీని 2005లో టాటా ఏస్ పూరించింది. రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజను, సుమారు 700 సీసీ, 16 అశ్వశక్తి. ముప్పావు టన్ను బరువు మోస్తుంది. ధర అప్పట్లో రెండుంపావు లక్షల ప్రాంతం. బరువైన పనులు చేసే చిన్న బండి గనుక దేశమంతటా దానికి "ఛోటా హాథీ" అని ముద్దుపేరు వచ్చింది. డ్రైవరుగా ఉన్నవాడు యజమాని అయ్యాడు. 2017 నాటికి ఇలాంటి బండ్లు 20 లక్షలు రోడ్డెక్కాయి. దాన్ని చూసి మహీంద్రావారు 2010లో మాక్సిమో తెచ్చారు. 2015లో ఒకే సిలిండరు డీజిల్ ఇంజనుతో జీతో అనే ఇంకా చిన్న బండిని మన జహీరాబాదు కర్మాగారంలోనే తయారుచేశారు. 2016లో మారుతీవారు సూపర్ క్యారీ తెచ్చారు.

మరి అంత చక్కగా నడిచిన బండి ఎందుకు వెనకబడింది? 2010, 2012 ప్రాంతాల్లో చిన్న సరుకుల బండ్లలో టన్నులోపు బరువు మోసేవాటిదే పైచేయి. ఆ తరువాత టన్నుంపావు, టన్నున్నర, ఒకటి పాయింట్ ఏడు టన్నులు మోసే పికప్పులు ముందుకు వచ్చాయి. బొలెరో పికప్పు మీరందరూ ఎరిగినదే. దీనికి కారణాలు ఒకటొకటిగా చూద్దాం.

మొదటి కారణం డ్రైవరు. ముప్పావు టన్ను బండికైనా ఒక డ్రైవరే, పావు తక్కువ రెండు టన్నుల బండికైనా ఒక డ్రైవరే. అతని కూలి ఒకటే, పట్టే రాత్రి ఒకటే. అంచేత కూలి పెరిగినకొద్దీ, ఒక డ్రైవరు వెనక ఎక్కువ బరువు పెట్టుకోవాలని యజమానికి అనిపించడం సహజం.

రెండో కారణం పొగ. వాహనాల పొగలోని విషాలను తగ్గించేందుకు ప్రభుత్వం 2017 ఏప్రిల్‌లో బీఎస్ 4, 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నియమాలను దేశమంతటా అమలుచేసింది. ఇది మంచి పనే. ఆ పొగ పీల్చేది మన పిల్లలే. కాని డీజిల్ పొగను శుభ్రపరిచే సామగ్రి ఖరీదైనది. ఇంజను సగమైతే ఆ సామగ్రి ధర సగం కాదు. పది లక్షల బండిలో ఆ ఖర్చు కలిసిపోతుంది. నాలుగు లక్షల బండికి అది మోయలేని బరువు. మారుతీవారు 2020లో డీజిల్ బండ్లన్నీ మానుకున్నారు. సూపర్ క్యారీ కూడా ఇప్పుడు పెట్రోలు మీద, సీఎన్‌జీ గ్యాసు మీద నడిచేదే. గ్యాసు బంకు దగ్గరలో ఉన్నవారికి అది చవక. బంకు లేని ఊరివారికి ఉపయోగం లేదు.

మూడో కారణం డీజిల్ ధర. 2014 అక్టోబరు వరకు డీజిల్ ధరను ప్రభుత్వం అదుపులో ఉంచింది. అప్పుడు పెట్రోలుకు, డీజిలుకు మధ్య తేడా చాలా ఉండేది. అదుపు తీసేసిన తరువాత ఆ తేడా తగ్గింది. చిన్న డీజిల్ బండికి ఉన్న పెద్ద ఆకర్షణ కొంత కరిగిపోయింది.

నాలుగో కారణం అప్పు. చిన్న బండి కొనేవాడు సాధారణంగా మొదటిసారి బండి కొనేవాడు. చేతిలో ఆస్తి ఉండదు. 2018లో ఫైనాన్సు కంపెనీలకు చిక్కులు వచ్చినప్పుడు, 2020లో కరోనా వచ్చినప్పుడు, ముందుగా అప్పు దొరకనిది ఇలాంటివారికే. ఇక పట్టణాల్లో దుకాణాలకు, ఇళ్ళకు సరుకు చేరవేసే పనిలో కొంత భాగం కరెంటుతో నడిచే మూడు చక్రాల బండ్లకు పోయింది.

అయిదో కారణాన్ని తాండూరులో కళ్ళారా చూడవచ్చు. తాండూరు నాపరాయి మీకు తెలిసిందే. రెండడుగుల చదరపు పలక, అంగుళం మందం ఉంటే సుమారు 25 కిలోలు తూగుతుంది. అంటే మన టమాటా బాక్సుతో సరిసమానం. ఏస్ బండిమీద 30 టమాటా బాక్సులు పెడితే బండి నిండుగా కనిపిస్తుంది. 30 పలకలు పెడితే? ఏడడుగుల తొట్టిలో ఆరు వరుసలు, వరుసకు అయిదు పలకలు. ఎత్తు అయిదంగుళాలు. జానెడైనా లేదు. చూసేవాడికి బండి ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. "ఇంకో నాలుగు వెయ్యి" అంటాడు గిరాకీ. ఇంకో నాలుగు, ఆపైన ఇంకో నాలుగు. దాంతో కమాను పట్టీలు విరుగుతాయి, టైర్లు పేలుతాయి, బ్రేకులు పట్టవు. అపవాదేమో చిన్న బండికి వస్తుంది. నిజానికి రాయి మోసేవాడు పెద్ద బండి కొనుక్కోవడమే సబబు. వచ్చిన చిక్కల్లా, అతన్ని చూసి కూరగాయలు మోసేవాడు కూడా అదే కొనడం.

ఇది మన ఒక్క ప్రాంతపు సంగతి కాదు. అమెరికాలో చిన్న పికప్పులు తగ్గిపోవడానికి మొదటి మెట్టు ఏమిటో తెలుసా? కోడిమాంసం! 1960లలో అమెరికా కోళ్ళు చవకగా వచ్చి పడుతున్నాయని ఐరోపా దేశాలు వాటిమీద సుంకం పెంచాయి. దానికి బదులుగా 1964 జనవరి నుంచి అమెరికా, బయటినుంచి వచ్చే చిన్న ట్రక్కులమీద నూటికి 25 సుంకం వేసింది. కోళ్ళ తగాదా చల్లారింది గాని ట్రక్కుల సుంకం అట్లాగే నిలిచిపోయింది. ఆ తరువాత 2010 దశకంలో వచ్చిన ఇంధన నియమాలు బండి సైజును బట్టి మైలేజీ లక్ష్యం పెట్టాయి. పెద్ద బండికి సులువైన లక్ష్యం, చిన్న బండికి కఠినమైన లక్ష్యం. ఫోర్డువారి చిన్న రేంజర్ 2011లో అక్కడ ఆగిపోయింది. కొన్నేళ్ళ తరువాత అదే పేరుతో తిరిగి వచ్చినప్పుడు ఒళ్ళు పెంచుకొని వచ్చింది.

జపానులో ఇందుకు భిన్నంగా జరిగింది. అక్కడ 660 సీసీ మించని ఇంజను, మూడు మీటర్ల నలభై సెంటీమీటర్లు మించని పొడవు, 350 కిలోల బరువు అనే హద్దులతో ఒక చిన్న బండ్ల తరగతిని ప్రభుత్వమే ఏర్పరచి పన్నులో రాయితీ ఇచ్చింది. అందుకే అక్కడి చిన్న కమతాల రైతుల ఇళ్ళముందు నేటికీ ఆ బుల్లి ట్రక్కులు నిలబడి ఉంటాయి. దీన్నిబట్టి మనం గ్రహించవలసింది ఏమిటంటే, చిన్న బండి నిలవడం, పోవడం రైతు అవసరాన్ని బట్టి మాత్రమే జరగదు. సుంకాలు, పన్నులు, నియమాలు కలిసి దాన్ని నిలుపుతాయి, లేదా నెడతాయి.

సరే, ఇప్పుడు మన లెక్కకు వద్దాం. కాగితం, పెన్సిలు తీసికోండి. కింది అంకెలు లెక్క సులువుగా ఉండడానికి అనుకున్నవి. మీ ఊరి అంకెలు వేసికొని చూడండి.

వికారాబాదునుంచి హైదరాబాదు మార్కెట్టుకు రానూపోనూ 150 కిలోమీటర్లు అనుకుందాం. చిన్న బండి లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తే ఏడున్నర లీటర్లు కావాలి. పెద్ద పికప్పు పన్నెండున్నర కిలోమీటర్లు ఇస్తే 12 లీటర్లు. లీటరు 100 రూపాయలు అనుకుంటే చిన్న బండికి 750, పెద్ద బండికి 1,200. డ్రైవరుకు రెండింటికీ 800. కిస్తు, బీమా, టైర్లు, మరమ్మతు అన్నీ కలిపి రోజుకు చిన్న బండికి 1,000, పెద్ద బండికి 1,800. మొత్తం చిన్న బండికి 2,550, పెద్ద బండికి 3,800.

చిన్న బండి నిండా 30 బాక్సులు వేస్తే బాక్సుకు 85 రూపాయలు పడుతుంది. పెద్ద బండి నిండా 68 బాక్సులు వేస్తే బాక్సుకు 56 పడుతుంది. కాబట్టి నిండుగా నడిస్తే పెద్ద బండే చవక. ఈ మాట మనం ఒప్పుకోవాలి. చిన్న బండి తక్కువ డీజిల్ తాగుతుంది గనుక ఎప్పుడూ అదే చవక అనుకోవడం పొరపాటు.

కాని మన రైతు దగ్గర ఉన్నవి 25 బాక్సులే. చిన్న బండిలో ఒంటరిగా వెళితే బాక్సుకు 102. పెద్ద బండిలో ఒంటరిగా వెళితే 152. బాక్సుకు 50 రూపాయల తేడా. కోతకు 1,250 రూపాయలు. పది కోతలకు పన్నెండువేల అయిదువందలు. చిన్న బండి ఊళ్ళోనుంచి పోవడంవల్ల ఒక్క రైతు మీద పడే భారం ఇది.

ఇప్పుడు పక్క పొలం రైతు కూడా అదే రోజు 25 బాక్సులు కోశాడనుకోండి. ఇద్దరివీ కలిపి పెద్ద బండిలో 50 బాక్సులు. బాక్సుకు 76. నిండు చిన్న బండికన్నా కూడా తక్కువ. బండివాడు 45 బాక్సులు ఎందుకు అడుగుతాడో ఇప్పుడు తెలిసిందా? 3,800ను 45తో భాగిస్తే 84 చిల్లర వస్తుంది. అక్కడే పెద్ద బండి, నిండు చిన్న బండితో సరితూగుతుంది.

అయితే ఒక హెచ్చరిక. పక్కవాడి కోత రేపు ఉందని మీరు ఒకరోజు ఆగారనుకోండి. కలిసి వెళ్ళడంవల్ల, చిన్న బండిలో ఒంటరిగా వెళ్ళినదానికన్నా బాక్సుకు 26 రూపాయలు, 25 బాక్సులకు 650 రూపాయలు మిగులుతుంది. బాక్సు ధర 300 ఉన్నప్పుడు, ఎండకు మాగి మూడు బాక్సులు పాడైతే పోయేది 900. మిగిలినదానికన్నా పోయిందే ఎక్కువ. కాబట్టి టమాటాను ఆపి బండిని నింపకండి. కోత రోజులనే ముందుగా కలుపుకోండి.

కందుల సంగతి వేరు. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. యాలాల రైతుల ఉత్పత్తిదారుల కంపెనీవారు దానికోసం దరఖాస్తు చేశారు. కందులు బాగా ఎండబెట్టి సంచుల్లో నింపితే నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు. కందుల రైతు పది సంచులకోసం చిన్న బండిని వెతుక్కోనక్కరలేదు. నలుగురు కలిసి పెద్ద బండి నింపి తాండూరు యార్డుకు పోవచ్చు. ఆగగలిగిన సరుకుకు పెద్ద బండి, ఆగలేని సరుకుకు చిన్న బండి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

ఇక మనం చేయదగిన పనులు చెప్పుకుందాం.

వ్యవసాయ విస్తరణాధికారులకు ఒక మనవి. మీ క్లస్టరులోని రైతు వేదికలో ఒక పలక పెట్టించండి. ఎవరు ఏ రోజు కోస్తున్నారు, ఎన్ని బాక్సులు, ఏ మార్కెట్టుకు అన్నది వారం ముందే దానిమీద రాయించండి. నాటేటప్పుడే పక్కపక్క రైతులు రెండు మూడు రోజుల తేడాలో నాటుకుంటే కోతలు కూడా కలిసి వస్తాయి. దీనికి ఖర్చేమీ లేదు. కావలసింది సుద్దముక్క, కాస్త ఓపిక.

బండివాడితో బేరం కోతకు ముందే తేల్చుకోండి. బాక్సు లెక్కనా, బండి లెక్కనా? హమాలీ ఎవరిది? ఖాళీ బాక్సులు తిరిగి తెచ్చే కూలి ఎవరిది? వచ్చేటప్పుడు ఊరి దుకాణాలకు సరుకో, ఎరువో వేసుకు వస్తే, ఆ కిరాయిలో కొంత మీకు తగ్గించమని అడగండి. ఖాళీగా వచ్చే బండి డీజిలు కూడా మీ టమాటా మీదే పడుతున్నదని మరవకండి.

ఊళ్ళో యువకులు బండి కొనదలచుకుంటే, వారికి నా సలహా ఇది. ముందు నెలరోజులు మీ ఊరినుంచి ఏ రోజు ఎన్ని బాక్సులు పోతున్నాయో రాసుకోండి. ఎక్కువ రోజులు 30 లోపే ఉంటే చిన్న బండి చాలు. 45 దాటుతుంటే పెద్దది తీసికోండి. పక్క ఊరివాడు కొన్నాడని కొనవద్దు. చిన్న బండ్లు పూర్తిగా మాయమైపోలేదు. 2025 జూన్‌లో టాటావారు ముప్పావు టన్ను మోసే ఏస్ ప్రోను పెట్రోలు, సీఎన్‌జీ, కరెంటు రకాల్లో తెచ్చారు. పెట్రోలు రకం షోరూము ధర అప్పుడు 3 లక్షల 99 వేలనుంచి మొదలైంది. 2025 సెప్టెంబరులో సరుకుల బండ్లమీద జీఎస్‌టీ నూటికి 28నుంచి 18కి తగ్గింది. కరెంటు బండి కొనేవారు రానూపోనూ దూరాన్ని, మార్కెట్టు దగ్గర ఛార్జింగు వసతిని ముందు చూసుకోవాలి.

చట్టం సంగతి రెండు ముక్కలు. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకుల బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిటు అక్కరలేదు. ఏస్ వంటివి ఈ హద్దులోపలే ఉంటాయి. 1.7 టన్నుల పికప్పులు దాన్ని దాటుతాయి, వాటికి పర్మిటు తీసికోవాలి. ఇక 7,500 కిలోలు మించని రవాణా బండిని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. బీమా, ఫిట్‌నెసు మాత్రం ఏ బండికైనా తప్పదు. పాత బండి కొనేవారు ఇది ముఖ్యంగా చూడాలి. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఫిట్‌నెసు ఏటేటా చేయించాలి.

ఇంకొక జాగ్రత్త. కొన్ని కొత్త డీజిల్ బండ్లలో పొగను శుభ్రపరిచేందుకు యూరియా కలిపిన ద్రవం పోయాలి. యూరియాయే కదా అని ఎరువు బస్తాలోది నీళ్ళలో కలిపి పోయకండి. ఆ ద్రవానికి వాడే యూరియా, నీరు రెండూ శుద్ధిచేసినవి. పొలానికి వేసేది పోస్తే వేల రూపాయల సామాను పాడవుతుంది.

సోదరులారా, ఎద్దుల కాలంలో మన పెద్దలు బరువును బట్టి బండి కట్టేవారు. రెండు బస్తాలకు జోడెడ్ల బండి కట్టేవారు కాదు, పది బస్తాలను ఒక దున్నపోతు మీద వేసేవారూ కాదు. ఇంజను వచ్చినా ఆ తెలివి పాతబడలేదు. మీ బరువెంత, అది ఎన్నాళ్ళు ఆగగలదు, పక్కన ఎవరున్నారు అనే మూడు ప్రశ్నలు వేసికొని బండిని పిలవండి. ఈసారి కోతకు వెళ్ళేముందు పక్క పొలం అన్నను ఒకమాట అడగండి: "అన్నా, నీ కోత ఏ రోజు?" అని.